కీబోర్డు మరిచిపోని మాటలు

2021 వేసవి. యాంగోన్‌లో (మనవాళ్ళ రంగూన్‌లో) పబేడాన్ బజారు వీధుల్లో, ఒక పాత భవనం మెట్ల కింద, నాకు సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాలి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికొచ్చి మూటలు మోశాడు. నేను నీడపట్టున కూర్చుని స్క్రూలు విప్పుకుంటున్నాను. రేడియోలతో మొదలుపెట్టి ఫోన్లకొచ్చిన చేయి నాది. బర్మావాళ్ళకు నేను కో అప్పారావ్‌ని, మనవాళ్ళకు అప్పారావన్నియ్యని; వాళ్ళ 'కో' అన్నా అన్నే. నోరు కాస్త ఎక్కువ. గాజు తెరను గునపంతో పొడిచినట్టు పొడిచేవాళ్ళని చూస్తే అక్కడికక్కడే తిట్టేస్తాను.

ఆ ఏడాది మొదట్లో సైన్యం ప్రభుత్వాన్ని లాక్కుంది. జనం వీధుల్లోకొచ్చారు. వాళ్ళ మీద తుపాకులు పేలాయి. ఫోన్లలో ఇంటర్నెట్ ఆపేశారు, కాల్స్, మామూలు మెసేజీలు మాత్రం వెళ్ళేవి. వంతెనల దగ్గరా కూడళ్ళలోనూ సిపాయిలు మనుషుల్ని ఆపి ఫోను తెరిచి చూసేవారు. ఒక ఫొటో, ఒక పేరు చాలు, ఆ మనిషి ఇల్లు చేరడు. దాంతో నా దగ్గరకొచ్చే బేరాలు మారిపోయాయి. అంతకుముందు అందరూ పెద్ద ఫోను, మంచి కెమెరా అడిగేవారు. ఇప్పుడు 'ఏమీ లేని ఫోను' అడుగుతున్నారు.

ఇక్కడ నా పనితనం గురించి కొంచెం చెప్పాలి. ఫోను మార్చుకున్నవాళ్ళు సాధారణంగా మూడో రోజున తిరిగొచ్చి గొడవపడతారు. ఫోటోలు, నంబర్లు అన్నీ కొత్తదాంట్లోకి వచ్చినా, కీబోర్డు వేరేది కావడంతో వేళ్ళు తడబడతాయి. బర్మా అక్షరాలకు రకరకాల కీబోర్డులున్నాయి. కొన్నింట్లో అక్షరాలు టైపు మిషన్ వరసలో ఉంటాయి, కొన్నింట్లో బడిలో నేర్చుకున్న వర్ణమాల వరసలో. ఒకదానికి అలవాటుపడ్డ వేలు రెండోదాని మీద గుడ్డిది. పైగా పాత కీబోర్డుకు మన మాటలు తెలుసు. ఒక అక్షరం నొక్కగానే పైన మూడు మాటలు చూపించి, వీటిలో ఏది అని అడుగుతుంది. దీన్ని ప్రిడిక్షన్ అంటారు. నేను కీబోర్డుతో పాటు అది నేర్చుకున్న మాటలను కూడా బ్యాకప్ ఫైల్‌గా తీసి కొత్త ఫోనులో ఎక్కించేవాణ్ణి. బజారులో ఇంకెవడూ అంత శ్రమ పడడు. నా ఖాతాదారులు మూడో రోజున రారని నాకు మహా గర్వంగా ఉండేది.

బర్మావాళ్ళ నీళ్ళ పండగ తింజాన్ ముందు ఒక మధ్యాహ్నం సరోజ వచ్చింది. ఆమె నర్సు. మింగళ తౌంగ్‌న్యున్‌లో మా వీధిలోనే పుట్టి, ఇప్పుడు వాగు అవతల తాకేటాలో అక్క పార్వతి దగ్గర ఉంటోంది. సైన్యం వచ్చాక చాలామంది నర్సుల్లాగే సర్కారు ఆసుపత్రి ఉద్యోగం వదిలేసింది. ఆ తర్వాత ఏం చేస్తోందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజుల్లో అడగకపోవడమే మర్యాద.

ఆమె ఫోను బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది.

"ఇది పేలిపోద్దేటి అన్నియ్యా?"

"నువ్వు ఇంకో రెండ్రోజులు జేబులో ఎట్టుకుంటే పేల్తాది. కొత్తది తీసుకో."

"ఏటీ లేని ఫోను కావాల. ఫొటో ఒద్దు, పేర్లు ఒద్దు. నంబర్లు నాకు నోటికొచ్చు. మెసేజీ అంటావా, పంపిన ఎంటనే సెరిపెస్తన్నాను."

ఒక సెకండ్‌హ్యాండ్ ఫోను ఖాళీ చేసి, ఆమె సిమ్ వేసి ఇచ్చాను. ఆమె నిలబడే టైపు చేసి చూసింది. నాలుగు అక్షరాలకు మూడు తప్పులు. ఆమె పాతది వర్ణమాల వరస, దీంట్లో ఉన్నది టైపు మిషన్ వరస.

"ఇదొద్దు. నాకు తొందరగా రాయాల. ఒక్కోపాలి నిమిసం కూడా ఉండదు," అంది. "నా పాత కీబోర్డు ఇందులో ఎట్టీ."

అది నా చేతిలో పని. పాత కీబోర్డునూ, అలవాటు కొద్దీ దాని బ్యాకప్ ఫైల్‌నూ మెమరీ కార్డు మీదుగా కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఆమె ఒక వాక్యం గబగబా కొట్టి చూసుకుని, మొదటిసారి నవ్వింది. "ఇప్పుడు నాదినాగుంది," అంది. పాత ఫోను పగలగొట్టెయ్యమని నాకు వదిలేసి, బస్సు పట్టుకోవడానికి వెళ్ళిపోయింది. మంచి పని చేశానన్న తృప్తితో నేను టీ తెప్పించుకున్నాను.

టీ తాగుతూ పాత ఫోను తుడిచేయడానికి ముందు, తెర పనికొస్తుందేమో చూద్దామని ఖాళీ మెసేజీ తెరిచి ఒక అక్షరం నొక్కాను. పైన మూడు మాటలు వచ్చాయి. మధ్యలోది 'సయా'. డాక్టరుగారిని బర్మాలో పిలిచే మాట. ఊరికే దాని మీద నొక్కాను. మళ్ళీ మూడొచ్చాయి. మళ్ళీ మధ్యది నొక్కాను. అలా ఐదారుసార్లు నొక్కేసరికి తెర మీద ఒక వాక్యం తయారైంది. 'సయా గుండు తొడలో ఉంది రక్తం ఆగలేదు తాకేటా' అని, ఆ వెంటనే వీధి పేరు. మళ్ళీ ఇంకో అక్షరం నొక్కాను. ఈసారి ఒక కుర్రవాడి పేరు, దాని పక్కన ఇంటి నంబరు వచ్చాయి.

కప్పు కింద పెట్టేశాను. ఆమె ప్రతి మెసేజీ చెరిపేసింది. కీబోర్డు మాత్రం ఒక్క మాటా మరిచిపోలేదు. ఏదైనా ఒక అక్షరం నొక్కినవాడికి ఆమె నెలరోజులు ఎవరింటికి వెళ్ళిందో, ఎవరికి కట్టు కట్టిందో అదే వరసగా చెప్పేస్తుంది. ఖాళీ ఫోను అడిగిన మనిషి చేతిలో నేను అదంతా పెట్టి పంపాను. ఆమె ఎక్కిన బస్సు పజున్‌డౌంగ్ వాగు వంతెన దాటాలి. వంతెన మీద సిపాయిలున్నారు.

కాల్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. వీధిలో ఉన్నప్పుడు సైలెంట్‌లో పెట్టుకుంటానని తనే చెప్పింది. ఇక మెసేజీ పెట్టాలి. 'కీబోర్డు తీసెయ్యి' అని రాసి ఆగిపోయాను. ఆ సమయానికి ఫోను సిపాయి చేతిలో ఉంటే ఆ ఒక్క మాటే చాలు. జాగ్రత్త అన్నా అనుమానమే, వెనక్కి రా అన్నా అనుమానమే. సిపాయి చదివినా దుకాణం గోలలా కనిపించాలి. రాసినవన్నీ చెరిపేసి, చివరికి బర్మా భాషలో, వాళ్ళు ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే 'మా'తో మొదలుపెట్టి ఇలా రాశాను: 'మా సరోజా, పొరపాటున మీకు ఇంకొకరి ఫోను ఇచ్చాను. అది మీది కాదు. దయచేసి వాడకుండా వెంటనే తెచ్చి ఇవ్వండి. కో అప్పారావ్, పబేడాన్ ఫోను దుకాణం.'

పంపాక బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఆ మాటలు సిపాయి చూస్తే, ఫోను నాది కాదు అని ఆమె చెప్పగలదు. మరి ఎవరిది? ఆ ప్రశ్నతో వాళ్ళు నా దుకాణానికే వస్తారు. నా పేరు, నా బజారు నేనే రాసి పంపాను.

షట్టర్ సగం దించాను. పాత ఫోను విప్పి, బోర్డు మీది మెమరీ చిప్పును కటింగ్ ప్లేయర్‌తో నాలుగు ముక్కలు చేశాను. అడిగితే ఎవరి పేరు చెప్పాలా అని ఆలోచించాను. ఏ పేరు చెప్పినా ఆ పేరుగల మనిషి ఎక్కడో ఒకడుంటాడు. తెలీదు అనడం ఒక్కటే మిగిలింది. స్టూలు మీద కూర్చుని ఆ మాటే బర్మాలో పదిసార్లు పైకి అనుకున్నాను, ప్రతిసారీ అబద్ధంలాగే వినిపించింది. ఇంటికి పారిపోదామా అని కూడా అనిపించింది. ఆమె వెనక్కొస్తే దుకాణం మూసి ఉంటే ఎలా అని ఆగాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను అంత భయపడింది ముందూ లేదు, తర్వాతా లేదు.

రెండు గంటల తర్వాత షట్టర్ కింద నుంచి చెప్పులు కనిపించాయి. సరోజ వంగి లోపలికొచ్చింది. బర్మా ఆడవాళ్ళలా బుగ్గలకు పూసుకున్న చెట్టుబెరడు గంధం చెమటకు చారలు కట్టింది. వస్తూనే ఫోను బల్ల మీద కొట్టినట్టు పెట్టింది.

"ఒళ్ళు దగ్గరెట్టుకుని పన్జెయ్యవేటి అన్నియ్యా? ఎవల్దో ఫోను నాకిచ్చీడమేటి?"

నా మెసేజీని ఆమె నిజమే అనుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"వొంతెన కాడ ఆపినారా?"

"ఆపినారు. ఒకడు ఫొటోలు సూసినాడు, ఏటీ లేవు. మెసేజీలు సూస్తే నీదొక్కటే ఉంది. పైకి సదివి అందరికీ ఇనిపించి నవ్వినాడు. ఆ దుకాణపోణ్ణి నీ బదులు నానే తిడతానుండు అని నాతో అని రాయబోనాడు."

"రాసినాడా?"

"నేదు. ఏలు పైనెట్టి అటూ ఇటూ ఎతికినాడు. అక్సరం దొరకలేదు. ఇదేం కీబోర్డు, బడిపిల్లల పలకలాగుంది అని నా సేతిలో ఎట్టీసి, పో, పోయి నీ ఫోను నువ్వు తెచ్చుకో అన్నాడు. బస్సు ఎల్లిపోనాది. నడిసొచ్చినాను."

ఒక్క అక్షరం. వాడి వేలికి అలవాటైన చోట అది లేదు. అంతే తేడా.

అది నీ ఫోనే అని చెప్పి, ఆమె ఫోను తీసి ఖాళీ మెసేజీలో మధ్య మాట నొక్కుతూ పోయాను. వాక్యం పూర్తయ్యేసరికి ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. తర్వాత తనే ఇంకో అక్షరం నొక్కింది. ఆ కుర్రవాడి పేరు వచ్చింది.

"ఈడు పోనాడు," అంది మెల్లగా. "మొన్న. ఇది ఇంకా అడగతంది సూడు, ఈడి పేరు రాయమంటావా అని."

ఆ మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే, తీసెయ్యనా అని ఫోను అడుగుతుంది. సరోజ నొక్కి పట్టుకుంది. ఫోను అడిగింది. ఆమె వేలు మాత్రం అవును మీదికి వెళ్ళలేదు.

"నువ్వు తీసీ అన్నియ్యా. నావల్ల కాదు."

తీసేశాను. కీబోర్డు మొత్తం తీసేసి, ఫోను మళ్ళీ ఖాళీ చేసి, టైపు మిషన్ వరస కీబోర్డునే ఉంచాను. తప్పు నాదేనని ఆమెకు చెప్పాను. ఆమె తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఏ మాటలూ తెలియని కీబోర్డు కూడా ప్రమాదమేనని అప్పుడు తోచింది. రోజూ వాడే ఫోనులో ఒక్క మాటా లేకపోతే ఎవడికైనా అనుమానం వస్తుంది. అందుకని ఆ సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి కొత్త వరస నేర్పాను. ఏ అక్షరం ఎక్కడో నేను చెబుతుంటే ఆమె వేలు వెతుక్కుంటూ కొట్టింది. ఏం రాయాలి అంటే, అక్కకు రాసేవి రాయి అన్నాను. మనవాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు, తెలుగు మాటలనే బర్మా అక్షరాలతో రాసుకుంటారు. అన్నం, పులుసు, గోంగూర, వాన, బస్సు. ఒక్కో మాట పదేసిసార్లు. తప్పు కొట్టినప్పుడల్లా నేను విసుక్కున్నాను, ఆమె నన్ను వెక్కిరించింది. బయట చీకటి పడకముందే ఆమెను పంపించాను. ఇకమీదట డాక్టరుకు మెసేజీలు పెట్టనని, కాల్ చేస్తానని చెప్పింది.

తర్వాత ఆమె మూడో రోజున రాలేదు. ఆ నెలలోనూ రాలేదు.

వానాకాలంలో జబ్బు ఊరంతా పాకింది. అందరూ తలుపులు మూసుకున్నారు. బజారు ఖాళీ. ఆక్సిజన్ సిలిండర్ల కోసం వరసలో నిలబడ్డవాళ్ళు తప్ప వీధిలో మనిషి లేడు. రిపేరుకొచ్చిన ఫోన్లు ఉన్నాయని వారానికి ఒకరోజు షట్టర్ సగం ఎత్తేవాణ్ణి. అలాంటి ఒక రోజున మాస్కు కట్టుకుని సరోజ అక్క పార్వతి వచ్చింది. సంచిలోంచి ఆ ఫోనే తీసి దూరం నుంచి బల్ల మీద పెట్టింది.

"అది ఎల్లిపోనాది బాబూ. ఎక్కడికని అడగొద్దు, నాకూ తెల్దు. ఇది ఇంట్లో ఒదిలీసింది. నాను వాడుకుంటాను, బాగు సేసియ్యి."

అంతకుముందైతే, అన్నీ భద్రంగా ఉంచుతానమ్మా అని గొప్పగా చెప్పేవాణ్ణి. వంతెన సంగతి జరిగిననాటి నుంచి నా నోట మొదట వచ్చే మాట వేరు.

"ఏటి తీసీమంటావు, ఏటి ఉంచమంటావు, పార్వతక్కా?"

ఆమెకు అర్థం కాలేదు. చూపిద్దామని ఖాళీ మెసేజీ తెరిచి ఒక అక్షరం నొక్కాను. మధ్యలో 'అక్కా' అని వచ్చింది. ఆ మధ్య మాటలే నొక్కుతూ పోయాను. 'అక్కా అన్నం తిన్నావా పులుసు పొయ్యి మీదుంది వాన తగ్గాక బస్సు ఎక్కి ఒచ్చెస్తన్నాను' అని వచ్చింది. ఎవరి పేరూ లేదు, ఏ వీధీ లేదు. ఎన్ని అక్షరాలు మార్చి నొక్కినా ఇంట్లో మాటలే.

తెర ఆమె వైపు తిప్పాను. పార్వతి దూరం సంగతి మరిచిపోయి బల్ల దగ్గరకొచ్చింది. పెదవులు కదుపుతూ చదువుకుంది. తర్వాత నన్ను అడగకుండానే వేలు పెట్టి మధ్య మాట నొక్కింది. 'ఒచ్చెస్తన్నాను' మళ్ళీ వచ్చింది. ఇంకోసారి నొక్కింది.

ఇన్నేళ్ళ పనిలో ఏమీ తీయకుండా, ఏమీ కలపకుండా, పైన దుమ్ము మాత్రం గుడ్డతో తుడిచి ఇచ్చిన ఫోను అదొక్కటే.