అద్దాలు అరగదీసే పిన్ని

మా బాబాయికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ముందు గదిలో ఆయన వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్షిస్తూ కబుర్లు చెబుతాడు. వెనక గదిలో మా పిన్ని తిరిగే రాయి ముందు కూర్చుని, నీళ్ళు చిలకరిస్తూ అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. జోడు కుదిరితే అది బాబాయి హస్తవాసి. కుదరకపోతే, "లోపల మా ఆవిడ సరిగ్గా చూసుకోలేదండీ." సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో నాకు ఆ దుకాణంలోనే తెలిసింది.

ఎవరైనా పిన్నిని మెచ్చుకుంటే ఆయన మూడు రోజులు మాట్లాడడు. ఆమె పుట్టినరోజున ఆయనకు గుండెనొప్పి వస్తుంది. గుండె డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నాడు. చివరికి మనసు డాక్టరుకు చూపిస్తే, ఆయన పిన్నిని విడిగా కూర్చోబెట్టి, దీన్ని నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారనీ, తనే గొప్ప అనిపించుకోకపోతే ఆ మనిషికి లోపల ఊపిరాడదనీ చెప్పాడు.

"పేరు బాగానే ఉందండీ. మందుందా?" అంది పిన్ని.

మందు లేదు, వారం వారం వచ్చి మాట్లాడాలన్నాడు. బాబాయి ఒక్కసారి వెళ్ళాడు. "పాపం, ఆ డాక్టరు నా దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది" అంటూ తిరిగొచ్చాడు.

నాకు ఒళ్ళు మండేది. పిన్ని మాత్రం ఓ కిటుకు కనిపెట్టుకుంది. ఏ పని కావాలన్నా అది ఆయన ఆలోచనే అని ఆయనకు అనిపించేలా చేసేది. వెనక గదికి కిటికీ కావలసి వచ్చినప్పుడు, "ఇక్కడ వెలుతురు చాలదని మీరెప్పుడో అన్నారు కదా" అంది. ఆయన ఏనాడూ అనలేదు. వారంలో కిటికీ వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించడమే ఆయన పనైపోయింది.

"చెడ్డవాడు కాదే. రోజూ పొద్దున్నే నా కళ్ళజోడు తుడిచి పెడతాడు. తుడిచానని పదిమందికి చెబుతాడనుకో" అని నవ్వేది పిన్ని. ఆ నవ్వు చూస్తే నా కోపం సగం దిగిపోయేది.

కిందటేడు ఓ శిక్షణ కేంద్రం వాళ్ళు ఆమె పని చూసి ఉత్తరం రాశారు. వారానికి రెండు రోజులు వచ్చి ఆ పని నేర్పాలట. ముప్పై ఏళ్ళలో దుకాణానికి పిన్ని పేరున వచ్చిన ఉత్తరం అదొక్కటే. నాకు నాలుగుసార్లు చదివి వినిపించింది.

"బాబాయే నిన్ను పంపుతున్నట్టు చెప్పెయ్, గొడవ ఉండదు" అన్నాను.

"అలా చేస్తే ఇదీ ఆయనదైపోతుందే. ఇదొక్కటి నాకు కావాలి."

భోజనాల దగ్గర సూటిగా చెప్పేసింది. "నన్ను పిలిచారండీ. వెళ్తున్నాను."

"నిన్నా? పేరు తప్పు రాసుంటారు. నేను వెళ్తాలే."

"నన్నేనండీ."

వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను. పిన్ని ఆయన నాడి చూసింది, మంచినీళ్ళు తాగించింది, నన్ను పక్కన కూర్చోమంది. "తగ్గకపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యి" అని చెప్పి చెప్పులు వేసుకుంది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆయన మూలుగుతూనే ఉన్నాడు. తర్వాత కాఫీ అడిగాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చిన పిన్ని నన్ను వెనక గదిలోకి లాక్కెళ్ళింది. క్లాసులో ఓ అమ్మాయి, "మీకు ఈ పని ఎవరు నేర్పారు మేడమ్?" అని అడిగిందట. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకు పిన్ని దగ్గర ఒకటే జవాబు. "మా ఆయ..." దాకా వచ్చి ఆగిపోయిందట.

"మరేమన్నావు?"

"ఎవరూ నేర్పలేదమ్మా, నేనే నేర్చుకున్నాను అన్నాను" అంది. అని, గొంతు తగ్గించింది. "ఆయన అక్కడ లేడని తెలుసు కదా. అయినా ఆ మాట అనేముందు తలుపు వైపు చూశానే."