నౌకరీ మొఖం

తాహెరా బేగంకు లోకంలో ఎవరి ఫోటో ఒక పట్టాన నచ్చదు. తీసింది కన్నకొడుకైనా సరే, నచ్చదు.

మట్టెవాడలో లియాఖత్ అలీ ఫోటో స్టూడియో నడిపే రోజుల్లో వరంగల్‌లో సగంమంది పడుచువాళ్లు నౌకరీ దరఖాస్తుల మీదే బతికేవాళ్లు. దరఖాస్తు అన్నాక పాస్‌పోర్టు సైజు ఫోటో కావాలి. ముందుగదిలో లియాఖత్ ఫోటో తీసేవాడు. వెనక చీకటిగదిలో ఎర్రబల్బు కింద వాళ్లమ్మ కడిగేది. మధ్యలో ఆకుపచ్చ పరదా. బేగం ఆ పరదా దాటి వచ్చింది లేదు, గిరాకీలు ఆమె మొఖం చూసిందీ లేదు. కానీ వాళ్లందరి మొఖాల మీద తీర్పు మాత్రం ఆమెదే.

"ఇది నౌకరీ మొఖం కాదు!" అని పరదా వెనకనుంచి గొంతు వినపడిందంటే ఆ ఫోటో ఇక బయటికి రాదు. మళ్లీ స్టూలెక్కాలి, మళ్లీ ఆమె చెప్పిన రోజున రావాలి.

మొగిలి అని ఒకతను కానిస్టేబుల్ నౌకరీకి ఫోటో దిగాడు. ఆరడుగుల మనిషి, చేతికర్ర అంత మీసం. మరునాడు ఫోటో కోసం వస్తే, "పోలీసు మొఖం కాదు బిడ్డా, సైకిల్ పోయిందని ఠాణాకు వచ్చినోని మొఖం. ఐతారం రా," అన్నది బేగం.

మొగిలి మీసం దించుకుని వెళ్లిపోయాడు.

కిషన్ రావు బ్యాంకు నౌకరీకి కోటు తొడుక్కుని మరీ దిగాడు. "ఈయన బ్యాంకుల నౌకరీ అడుగుతాండా, అప్పు అడుగుతాండా?" అన్నది బేగం. పాపం, ఆయన్ని తిప్పినన్ని సార్లు ఇంకెవర్నీ తిప్పలేదు. చివరికి ఆ కోటు ఆయన సొంతమని వీధిలో అందరూ అనుకునేదాకా వచ్చింది. అది స్టూడియోలో మేకుకు తగిలించి ఉండే కోటు.

"అమ్మీ, ఫిల్ము ఆస్మాన్‌నుంచి పడ్తాందా? ఉత్తగ రెండుసార్లు తీసుడు!" అని మొత్తుకునేవాడు లియాఖత్.

"నువ్వు తీసుడు నేర్చినవు బేటా, చూసుడు నేర్వలే," అనేది ఆమె.

ఆ మాటే లియాఖత్‌ను తినేసేది. ఆమె వద్దన్న ఫోటోలను వాకిట్లోకి తెచ్చి, ఎండకు పెట్టి, పక్కకు తిప్పి, తలకిందులు చేసి చూసేవాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. చెవులు రెండూ పడ్డాయి. వెలుగు బాగుంది. ఇక తక్కువైందేమిటి? పాసైన ఫోటోను పక్కన పెట్టి చూసినా తేడా తెలిసేది కాదు. అమ్మకు తెలిసేదేదో తనకెందుకు తెలియదో అర్థంకాక అన్నం ముందు కూర్చుని కూడా ఎదురుగా ఉన్నవాళ్ల మొఖాల్లోకి పిచ్చిచూపులు చూసేవాడు. "నా మొఖానికి ఏమైంది? కూర ఎయ్యమంటవా వద్దంటవా?" అని పెళ్లాం దిల్షాద్ కసిరేది.

విచిత్రమేమంటే గిరాకీ మాత్రం తగ్గలేదు. బేగం పాస్ చేసిన ఫోటో అంటిస్తే నౌకరీ వస్తదని పేరు పడిపోయింది. గోడవారగా వేసిన బెంచీ మీద ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు కూర్చుని, తమ మొఖం ఎప్పుడు బాగుపడుతుందా అని ఎదురుచూస్తూనే ఉండేవాళ్లు.

అలాంటప్పుడు గీసుకొండ దిక్కునుంచి రాయమల్లు అనే రైతు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. పిల్ల పేరు భద్రమ్మ. పదో తరగతి పాసైంది, నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెడుతోంది. పూల జాకెట్టు తొడుక్కుని స్టూలు చివర కూర్చుంది, ఎవరైనా లెమ్మంటే లేచిపోయేటట్టు.

"ఫోటో అంటిస్తె పని అయిపోయినట్టేనా సారూ?" అని అడిగాడు రాయమల్లు.

"నాకేం తెలుసు పెద్దయ్యా, నా పని ఫోటో వరకే," అన్నాడు లియాఖత్.

మరునాడు తండ్రీకూతుళ్లు వచ్చేసరికి పరదా వెనకనుంచి తీర్పు తయారుగా ఉంది. "ఇది నర్సు మొఖం కాదు, పేషెంటు మొఖం. మళ్ల దిగుమను. గురువారం రమ్మను, పగటీలి అన్నం తిన్నంక."

రాయమల్లుకు కోపం నెత్తికెక్కింది. "గడువు దగ్గర పడ్తాంది! నాటుపని ఇడ్సిపెట్టి బస్సెక్కి వస్తాన్నం. నా బిడ్డ మొఖానికి ఏం రోగం?"

"రోగం లేదు అన్నా. జర ధైర్యం లేదు. ఒక్క గురువారం ఓపిక పట్టు," అన్నది బేగం, ఏనాడూ లేనంత మెత్తగా.

భద్రమ్మ మళ్లీ దిగింది. ఈసారి తెల్ల జాకెట్టు. లియాఖత్‌కు సిగ్గేసి తలెత్తలేదు. నిన్నటిది నిజంగా బాగా వచ్చిందని అతనికి అనిపించింది మరి.

గురువారం వాళ్లు వచ్చేసరికి బెంచీ మీద సమ్మమ్మ కూర్చుని ఉంది. పెద్ద దవాఖానలో స్టాఫ్ నర్సు. గుర్తింపు కార్డుకు ఫోటో దిగితే ఆమెనూ తిప్పి పంపింది బేగం. "నర్సు మొఖమే గని, సూది పట్టుకొని మీదికొస్తున్నట్టున్నది. గురువారం రా," అన్నదట. సమ్మమ్మ అది చెప్పుకుని పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వుకు భద్రమ్మ కూడా నవ్వింది. మాటల్లో మాటగా దరఖాస్తు సంగతి వచ్చింది.

"ఏదీ, చూడనీ," అని సమ్మమ్మ కాగితాలు తిరగేసింది. "సర్టిఫికెట్ల నకళ్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఏది?"

"గాయిన ఎవలమ్మా?" అన్నాడు రాయమల్లు.

"అయ్యో పెద్దయ్యా! ఇట్లనే పంపితె తెరవకుంటనే పక్కకు పడేస్తరు. మా డాక్టరమ్మ ఇంక గంటసేపు ఉంటది. ఫోటో తీసుకోని నాతోని రాండ్లి, నేను చెప్పి పెట్టిస్త. ఏ పిల్లా, ఇంటర్వ్యూల ఏమడుగుతరో తెలుసా? నడువు, తొవ్వల చెప్త."

పరదా కిందినుంచి ఒక చెయ్యి రెండు కవర్లను బయటికి తోసింది. సమ్మమ్మది సమ్మమ్మకిచ్చి, రెండోది ఇవ్వబోతూ లియాఖత్ లోపలికి చూశాడు. పూల జాకెట్టు! మొదటిరోజు తీసిన ఫోటో!

అతను నోరు తెరిచేలోగా భద్రమ్మ కవరు అందుకుంది. ఫోటో చూసింది. తన తెల్ల జాకెట్టు చూసుకుంది. పరదా వైపు చూసింది. కవరు సంచిలో పెట్టుకుని సమ్మమ్మ వెంట నడిచింది.

లియాఖత్ పరదా ఎత్తుకుని లోపలికి దూసుకెళ్లాడు. "అమ్మీ! అది మొదటి ఫోటో!"

"అవు. మంచిగొచ్చింది గద."

"మంచిగొస్తె మల్లెందుకు తిప్పినవు?"

"ఆ నర్సమ్మకు డ్యూటీ లేంది గురువారమే." బేగం చేతులు తుడుచుకుంది. "ఫోటో మంచిగుంటె నౌకరీ వస్తదా లియాఖత్? తొవ్వ తెలిసినోళ్లు ఒకలన్న ఎరుక ఉండాలె. ఊర్లెకెల్లి వచ్చినోళ్లకు ఎవరున్నరు? ఆ తండ్రి అడిగిన మాట విన్నవు గద, ఫోటో అంటిస్తె అయిపోతదా అని."

లియాఖత్ అక్కడున్న పీట మీద కూలబడ్డాడు. "మరి మొగిలి?"

"ఐతారం నాడు ఫౌజుల చేసొచ్చిన సుబేదారు ఫోటోకు వచ్చేదుండె. ఉరుకుడు పోటీల ఎట్ల ఉరకాల్నో చెప్పిండు."

"కిషన్ రావు?"

"లే బేటా. ఆయన మొఖం నిజంగనే మంచిగ రాలే."

"నాకు ముందే చెప్పొద్దా అమ్మీ? ఇన్ని దినాలు నా చెయ్యే బాగలేదనుకున్న!"

"నీకు చెప్తె నీ మొఖంల కనబడ్తది," అని ఆమె మళ్లీ ఎర్రబల్బు వేసుకుంది.

భద్రమ్మకు సీటొచ్చింది. ట్రైనింగు ముగించుకుని, పెద్ద దవాఖానలోనే నౌకరీలో చేరి, ఒకనాడు తెల్లచీరలో గుర్తింపు కార్డు ఫోటోకు వచ్చింది. స్టూలు నిండా కూర్చుంది. లియాఖత్ తన జన్మలో అంత మంచి ఫోటో తియ్యలేదు.

మరునాడు కవరు కోసం వస్తే పరదా వెనకనుంచి గొంతు వినపడింది: "ఇది నౌకరీ మొఖం కాదు బిడ్డా. మంగళారం రా."

భద్రమ్మ పరదా దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి అడిగింది. "అట్లనే వస్త బేగమమ్మా. మంగళారం ఎవలొస్తాన్లు?"

లోపల ఏదో పళ్లెం చేయిజారి నీళ్లు చిందిన చప్పుడైంది. ఆ వెనకే, మట్టెవాడలో ఎవరూ అప్పటిదాకా వినని తాహెరా బేగం నవ్వు వినపడింది.