ఫ్లెక్సీ మీది పిల్ల

ఎండలు ముదిరాయంటే మెదక్‌లో మామిడి కన్నా ముందు సమ్మర్ క్యాంపులు కాస్తాయి. ఆ కాతకు నీళ్లు పోసేవాడు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల దుకాణం నడిపే పరశురాం. ముప్పై రోజుల్లో ఇంగ్లిష్, ఇరవై రోజుల్లో అబాకస్, పదిహేను రోజుల్లో ధారాళంగా చదవడం, అన్నీ అతని కంప్యూటర్లో పుట్టినవే. ‘వంద శాతం ఫలితం’ అనే ముక్క ఎప్పుడో టైపు చేసి దాచుకున్నాడు. నిరుడు కుట్టు శిక్షణ కింద వేసిందాన్నే ఈ ఏడు చదువు కిందా అతికించాడు. వాటిని నమ్మి పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులంటే అతనికి మహా చులకన. అరచేతిలో వైకుంఠం చూపిస్తే చెప్పులు విడిచి లోపలికి పోయే రకమని నవ్వేవాడు.

అంత తెలివైనవాడి కూతురు ఇషితకు మూడో తరగతి పూర్తయినా చదవడం రాదు. అక్షరాలు విడివిడిగా చూపిస్తే చెబుతుంది. కలిపి రాస్తే మొదటిది చూసి మిగతాది ఊహించి ఏదో అనేస్తుంది, తప్పని తెలిస్తే తల వంచుకుంటుంది. జూన్‌లోగా దారిలో పడకపోతే మళ్లీ మూడులోనే కూర్చోబెడతామని ఆమె చదివే ప్రైవేటు బడివాళ్లు చెప్పేశారు. అప్పటి నుంచి అన్నం ముందు కూర్చున్నా పిల్లది ఒకటే ప్రశ్న, నాలుగుకు పోతానా పోనా అని. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా తల్లి దేవికకు ముద్ద దిగేది కాదు.

ఏప్రిల్ చివర్లో ఎలిశిబా టీచర్ దుకాణానికి వచ్చింది. ముప్పై ఏళ్లు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. ఇంటి గేటుకు కట్టుకోవడానికి చిన్న ఫ్లెక్సీ కావాలంది. ‘చదవడం రాని పిల్లలకు నేర్పబడును, నలుగురికి మాత్రమే’ అని, అంతే. పరశురాం అలవాటు కొద్దీ కింద వంద శాతం తగిలించాడు. ఆమె తీసేయించింది.

“నాకు తెల్వనిది రాయకు బిడ్డా.”

ఆమె అటు వెళ్లగానే, ఆ గేటు మీద ఈగ కూడా వాలదని అతను పడీ పడీ నవ్వాడు.

మర్నాడు చంద్రకాంత్ వచ్చాడు. మొన్నటిదాకా ప్లాట్లు అమ్మినవాడు, ఈ వేసవికి చదువు అమ్ముతున్నాడు. పది అడుగుల ఫ్లెక్సీ మీద పుస్తకం చదువుతూ నవ్వే పిల్ల బొమ్మ ఉండాలన్నాడు. కంప్యూటర్లో దొరికినవన్నీ తెల్లదొరల పిల్లల బొమ్మలు. పరశురాం పక్కనే ఉన్న ఇషిత చేతికి పుస్తకమిచ్చి ఫొటో తీశాడు. తప్పుల కోసం మ్యాటరంతా నాలుగైదు సార్లు పైకి చదివాడు. చౌరస్తాలో అది లేచాక పోయి చూసుకుని మురిశాడు కూడా. సిగ్గు లేనివాడికి మురిపానికేం కొదవ.

తీరా దేవిక కూడా ఆ ఫ్లెక్సీనే చూసి, పిల్లను అక్కడే చేర్పిద్దామని పట్టుబట్టింది. అవన్నీ ఉత్త మాటలని చెప్పాలంటే, ఆ వంద శాతం తానే కల్పించి రాశానని ఒప్పుకోవాలి. పరశురాం పోయి ఫీజు కట్టి వచ్చాడు.

మొదటి రోజు తల్లిదండ్రులందరి ముందు చంద్రకాంత్ ఇషితను స్టేజీ ఎక్కించి, వెనక కట్టిన అలాంటిదే ఇంకో ఫ్లెక్సీ చదవమన్నాడు. పిల్ల గడగడా చదివేసింది. వంద శాతం దాకా ఎక్కడా ఆగలేదు. చప్పట్లు మోగాయి. వారం ముందే చేరి నేర్చుకున్న పిల్ల అని చంద్రకాంత్ ప్రకటించాడు. దేవిక కొంగుతో కళ్లు తుడుచుకుంది. పరశురాం మాత్రం పిల్ల కళ్ల వైపు చూశాడు. పిల్ల చూపు ఫ్లెక్సీ మీద లేదు, తన మీద ఉంది. లేచి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు, అందరితో కలిసి చప్పట్లు కొట్టాడు.

ఇంటికి వస్తుంటే ఇషిత అతని వేలు పట్టుకుంది.

“గదంత నువ్వు దుకాన్ల చదువంగ యాది వెట్టుకున్న డాడీ. ఇగ నాలుగుకు పోతనా?”

దేవిక నడక ఆపి మొగుడి మొహంలోకి చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

తెల్లారి ముగ్గురూ ఎలిశిబా టీచర్ ఇంటికి పోయారు. ఈగ వాలదన్న ఆ గేటు లోపల నాలుగు జతల చిన్న చెప్పులున్నాయి. టీచర్ ఇషితను ఎగాదిగా చూసింది.

“చౌరస్తాల చదువుతున్న పిల్ల గీమెనే గద? మరి నా దగ్గరికెందుకు?”

“చదువరాదు టీచరమ్మా. గదంత అబద్ధం. నేనే రాసిన,” అన్నాడు పరశురాం.

టీచర్, నలుగురు నిండారని, ఐదో పిల్ల కూర్చోవడానికి చాప లేదని, చౌరస్తాలోని ఆ ఫ్లెక్సీ విప్పుకొచ్చి పరిస్తే సరిపోతుందని అంది.

పట్టపగలు, జనం చూస్తుండగా, చంద్రకాంత్ ఫోన్ మీద ఫోన్ చేస్తుండగా, పరశురాం నిచ్చెనెక్కి దాన్ని విప్పాడు. పిల్ల బొమ్మ కిందికి పోయేలా టీచర్ దాన్ని తిరగేసి పరిచింది. ఇషిత దాని మీద కూర్చుని, ఇచ్చిన పుస్తకం చూసి, నాకు రాదు అంది. టీచర్ తలూపి, పిల్ల వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టింది.

గేటు దగ్గర పరశురాం ఉండబట్టలేక, జూన్‌కల్లా నాలుగుకు పోతుందా అని అడిగాడు.

“నాకు తెల్వదు,” అంది టీచర్. “రేపు ఏడు గంటలకు తోల్క రా.”

ఊరందరికీ వంద శాతం పంచినవాడు, ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి పోయాడు.