మాస్టారు చదివిన తెల్లవారి నమాజు

ఈ పొద్దున మాత్ర నాలుక మీదే కరిగిపోయి నోరంతా చేదైంది. ఆ చేదుతో ఖాదర్ మాస్టారు గుర్తొచ్చి పాత డైరీ తీశాను. "గురువారం సాయంత్రం, రాజోలు. ఉన్నవారు: మాస్టారు, ఆయన కొడుకు రఫీ, మసీదు ఇమాం గారు, నేను."

మాస్టారు మా హైస్కూలు హెడ్మాస్టరు. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో రిజిస్టరులో "చాలామంది రాలేదు" అని రాస్తే పిలిచి, "చాలామంది అంటే ఎవరయ్యా ఏసుపాదం? వాళ్ళకి పేర్లు పెట్టలేదా?" అన్నారు. చూసింది చూసినట్టు రాయడం నాకు అప్పుడే అబ్బింది.

ఎనభై దాటాక ఆయనకు కేన్సరు ముదిరింది. ఇక నయం కాదని, నొప్పి మాత్రం తగ్గించవచ్చని చెప్పి, డాక్టరు గారు మార్ఫిన్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. ఇంటికి రావడం మాస్టారికి సంతోషమే. ఆయుష్షు ఇచ్చినవాడే తీసుకుంటాడు, గొట్టాలు పెట్టి బేరమాడక్కర్లేదనేవారు. మాత్రలు మాత్రం ముట్టలేదు.

"మత్తులో కలిమా నోటికి రాకపోతే? అల్లా ఒక్కడేనన్న ఆ మాట తెలివుండగా అనాలయ్యా. అయిదు పూటలా నమాజు చదువుతూ వెళ్ళాలి." ఆయన కోరుకున్నది అంతే.

రోజూ పక్కన కూర్చుని రాసుకునేవాణ్ణి. మొదటి రోజు నాలుగు పూటలు చదివారు. మర్నాడు రెండు, ఆ మర్నాడు ఒకటి. గురువారం నొప్పికి ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోయారు. అంతవరకు ఆయన మాటకు నేను ఎదురు చెప్పి ఎరగను. ఆ సాయంత్రం ఇమాం గారి ముందు డైరీ చదివాను.

మాస్టారు కళ్ళు తెరిచారు. "ఏమయ్యా, నాకు కూడా హాజరు వేసేవా?"

"ఆయ్, మీరు నేర్పిందేనండీ."

ఇమాం గారు నవ్వాపుకున్నారు. "సరదాకి తాగే మత్తు వేరండీ, వైద్యం వేరు. జబ్బు చేస్తే మందు వాడమన్నది మన దీనే, మన ధర్మమే కదండీ. మీ తెలివిని దోచుకుంటున్నది ఈ నొప్పేనండీ మాస్టారూ."

"వేసుకోండి అబ్బా," అన్నాడు రఫీ, తండ్రి చెయ్యి పట్టుకుని.

మాస్టారు నా చేతిలోని డైరీ వంక చూశారు. "లెక్క తప్పేను. ఇయ్యరా," అన్నారు.

డాక్టరు గారిని ఫోనులో అడిగి, చిన్న మోతాదు వేళకు ఇవ్వడం మొదలుపెట్టాం. తరువాత ఆయన తొమ్మిది రోజులున్నారు. ఆఖరి రోజున రఫీ తడి దూదితో పెదవులు తడిపి, చెవి దగ్గర మెల్లగా కలిమా అంటే, తానూ అని వెళ్ళిపోయారు. ఎవరి మంచం పక్కన కూర్చున్నా ముందు నొప్పి గురించి అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అయినా నా మనసు ఆగేది మొదటి మాత్ర వేసుకున్న మర్నాడు, శుక్రవారం పొద్దున దగ్గరే.

ఇంకా వెలుతురు రాలేదు. రఫీ తండ్రిని పడమరకు, కాబా వైపు, తిప్పి పడుకోబెట్టాడు. నమాజుకు ముందు కడుక్కునే నీళ్ళు తగిలితే వణుకు వస్తోందని, బదులుగా పళ్ళెంలో శుభ్రమైన ఇసుక తెచ్చాడు. మాస్టారు అరచేతులు ఇసుకకు ఆనించి ముఖం, చేతులు తుడుచుకున్నారు. వంగలేరు కనుక తల కదుపుతూ చదివారు. ఒక్క మాట తడబడలేదు. చివర అల్లా ఒక్కడేనని సాక్ష్యం పలికే చోట కుడిచేతి చూపుడువేలు నిటారుగా లేచింది.

సలాం చెప్పి నమాజు ముగించి మా వంక చూశారు.

"ఇంకా నాలుగు పూటలున్నాయి. అలా ఏడుస్తూ కూర్చుంటారేంటి? టీ పెట్టండి!"