శత్రువు అన్నచోట నా పేరు

ఇన్నేళ్లు నాకు ఊపిరినిచ్చి, దారి తప్పిన ప్రతిసారీ చెయ్యి పట్టి వెనక్కి తిప్పిన దేవునికి స్తోత్రం.

నిన్న ఓట్ల లెక్కింపు ముగిసింది. ఈ ఉదయం కిటికీ తెరవగానే, కాల్చిన టపాకాయల మందు వాసన గదిలోకి వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు గెలిచినవారు గుర్తుకు రారు. దీనమ్మగారు గుర్తొస్తారు.

ఇది చదివే మీలో ఆమెను చూసినవారు లేరు. విజయనగరం వైపు నుంచి వచ్చిన వితంతువు, హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. కాసిడీహ్‌లో ఒక్క గదిలో ఉంటూ, నల్ల గొడుగు వేసుకుని మేముండే కద్మా పేట దాకా నడిచి వచ్చేవారు. కుర్చీ వేసినా కూర్చోరు. వంటింటి గడప పక్కన నేలమీద చతికిలబడి, "ఏటి బాబూ, ఈ వారం ఎవులితో దెబ్బలాడినావు?" అని అడిగేవారు. మనసులో పగ పెట్టుకున్నవాళ్లు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదని మా సంఘం కట్టడి. సంస్కారపు ఆదివారానికి ముందు ఇల్లిల్లూ తిరిగి ఆ ముడులు విప్పడం ఆమె పని.

అవి అరవైల దశకపు రోజులు. నేను కర్మాగారంలో ఫిట్టరుగా చేరిన కొత్త. పక్క క్వార్టర్లో ఉండే యోహాను బావ మా మేనత్త కొడుకు, నన్ను ఈ ఊరు తెచ్చి పనిలో పెట్టించినవాడు. ఆ ఎన్నికల్లో ఇద్దరం చెరో జెండా పట్టాం. మా పక్షం గెలిచింది. రెండు రోజులు బావ గుమ్మం ముందే టపాకాయలు కాల్చాము. మూడోనాడు బుధవారం, బావ ఇంట్లో గృహప్రార్థన. వాక్యం చదివే వంతు నాది. శత్రువుల పతనాన్ని గురించిన కీర్తన కావాలనే తీశాను. శత్రువు అన్న మాట వచ్చినప్పుడల్లా తలెత్తి బావ వంక చూశాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

బావ తన బైబిలు మూసేశాడు. "ప్రార్థనకి వచ్చినావా, జులూస్ తీసి ఊరేగడానికి వచ్చినావురా?"

"వాక్యంలో ఉన్నదే సదివినాను బావా."

"అచ్ఛా. అయితే ఈ శత్రువు ఇంట్లో మరి మోకరించకు."

ఊరికి అవతలున్న గోవింద్‌పూర్‌లో ఇల్లు చూసుకున్నాడని, ఇక మా సంఘానికి రానంటున్నాడని శుక్రవారం అతని భార్య రాహేలక్క ఏడుస్తూ చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం దీనమ్మగారు మా ఇంటికి వచ్చారు.

"నాను ఒక్క అబద్ధం సదవలేదు మామ్మా," అన్నాను.

"సైతానుకీ వాక్యం వచ్చు బాబూ. నీకంటే బాగా వచ్చు." ఆమె నవ్వలేదు. "పద. అదే ఇంట్లో అదే కీర్తన మళ్లీ సదువు. శత్రువు అన్నకాడ నీ పేరెట్టుకో."

"అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. బుధవారం నవ్వినోళ్లు నీకు బాగానే ఉన్నారు కదా?"

మేమిద్దరం వెళ్లేసరికి బావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వెనక తాడు కట్టిన ట్రంకు పెట్టె కనబడుతోంది. లోపలికి రమ్మనలేదు. గడప బయటే నిలబడి, శత్రువు అన్నచోటల్లా నా పేరు పెట్టి చదవడం మొదలుపెట్టాను. సమూయేలు సిగ్గుపడాలి, సమూయేలు కూలాలి, సమూయేలు పొట్టులా గాలికి కొట్టుకుపోవాలి. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. నాలుగో మాటకి పుస్తకంలో అక్షరాలు కలిసిపోయాయి.

"బస్ కర్ రే, ఇంక సాలు," అన్నాడు బావ. "ఇంకో రెండు వచనాలైతే నిన్ను పూడ్సడానికి నానే గొయ్యి తవ్వాల. లోపలికి రా. మీ అక్క టీ పెట్టింది."

ట్రంకుకు కట్టిన తాడు మరో నెల దాకా విప్పలేదు. అయినా మర్నాడు ఆదివారం ప్రభువు బల్ల దగ్గర నా పక్కనే మోకరించాడు. ఇల్లు మారలేదు. దీనమ్మగారు నన్ను మెచ్చుకోనూలేదు, "ఇంకా మూడిళ్లున్నాయి" అంటూ ఎండలోకి వెళ్లిపోయారు.

ఆమె ప్రభువునందు నిద్రించి చాలా ఏళ్లయింది. ఆ ఏడు గెలిచినాయన పేరు ఇప్పుడు నాకు వెంటనే తట్టదు. అటువంటి కీర్తనలను మాత్రం నేటికీ రెండుసార్లు చదువుతాను, ముందు నా పేరుతో, తరవాత ఉన్నది ఉన్నట్టుగా. రెండోసారికి శత్రువుగా ఎవరి ముఖమూ కళ్లముందుకి రాదు. ఈ వారం మీ వీధిలోనూ గెలిచిన ఇల్లూ ఓడిన ఇల్లూ పక్కపక్కనే ఉండి ఉంటాయి. ఆ రెండిళ్ల కోసం నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, మొదట నన్ను సరిచెయ్యి. ఆమేన్.