ఉత్త గిన్నె ఇయ్యొద్దు

మా అమ్మకు ఒక పట్టింపు ఉంది. ఎవరింటి గిన్నెనైనా ఉత్తగా తిరిగి పంపదు. మెదక్‌లో చర్చి వెనక మా గల్లీలో అందరిదీ అదే తీరు. పప్పు వచ్చిన గిన్నెలో పచ్చడి పోతుంది, ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా పోతుంది. ఈ పట్టింపు జపాన్‌లో నన్ను ఒడ్డున పడేస్తుందని అమ్మ కలలో కూడా అనుకుని ఉండదు.

హైదరాబాద్ కాలేజీ తరఫున ఏడాది చదువుకు నేను అక్కడికి వెళ్ళాను, వాళ్ళ భాష, ఆచారాలు నేర్చుకోవడానికి. రాతలో నేనే ముందు. మాట దగ్గరికి వచ్చేసరికి బెల్లం కొట్టిన రాయిని. దానికో కారణం ఉంది. కాలేజీలో మొదటి రోజు లేచి నిలబడి "మెదక్ నుంచి అచ్చిన సార్" అన్నానో లేదో, క్లాసంతా గొల్లుమంది. అప్పటి నుంచి ప్రతి మాటనూ లోపలే మూడుసార్లు ఉతికి ఆరేసి గానీ బయటికి వదిలేదాన్ని కాదు. జపాన్‌లో ఆ ఉతుకుడు పూర్తయ్యేలోపు అవతలి మనిషి వెళ్ళిపోయేవాడు. నెల తిరక్కుండానే మా టీచర్ పిలిచి చెప్పింది: ఆరు నెలలకు మాట్లాడే పరీక్ష ఉంటుంది, అందులో తప్పితే మిగతా ఆరు నెలలు లేవు, ఇంటికే.

ఆ వారమే హాస్టల్ పక్కింటి పెద్దామె, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఒక గిన్నెలో ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు ఇచ్చి వెళ్ళింది. తిన్నాను, గిన్నె తోమాను, అమ్మతో వీడియో కాల్‌లో మాటవరసకు చెప్పాను. అమ్మ కుట్టుమిషన్ ఆపింది.

"ఉత్త గిన్నె ఇస్తవా ఏందే? ఏమన్న ఏసియ్యి. నా ఇజ్జత్ తియ్యకు."

నిమ్మకాయ పులిహోర కలిపి ఇచ్చి, పీడా పోయిందనుకున్నాను. మూడో రోజుకు అదే గిన్నె ముల్లంగి కూరతో వచ్చింది. నాకు తెలియని సంగతేమిటంటే, వాళ్ళకూ అదే పట్టింపు. వచ్చినదానికి బదులివ్వకపోతే వాళ్ళకు మనసొప్పదు. ఇక చూడండి. నేను సర్వపిండి, ఆమె చేపల పులుసు. నేను మక్క గారెలు, ఆమె ఎర్ర చిక్కుడు గింజల పాయసం. గిన్నె కాలు నిలిచేది కాదు. మెదక్‌లో అమ్మకు ఇది పంతమైపోయింది. జాకెట్లు కుట్టించుకోను వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది, వాళ్ళు తలా ఒక వంట సలహా పంపేవాళ్ళు. పరీక్ష దగ్గరపడుతోంది, ఈసారికి ఆపేద్దామన్నాను ఒకరోజు.

"గామె ఇచ్చుడు ఆపిందా? మరి నువ్వెట్ల ఆపుతవ్?" అని ఫోన్ పెట్టేసింది.

గిన్నె చేతిలో పెట్టి పారిపోదామంటే కుదిరేది కాదు. ఇది దేనితో చేశావు, ఎన్ని రోజులు ఉంటుంది, ఇంత కారం ఎందుకు అని పెద్దామె గుమ్మంలోనే నిలబెట్టి అడిగేది. వేడి గిన్నె చేతులు కాలుస్తుంటే మాటలు ఉతుక్కునే తీరిక ఎక్కడిది? నోటికి ఏదొస్తే అది అనేసేదాన్ని. ఆమె నవ్వేది కాదు, దిద్దేది కాదు, తన మాటల్లో తను జవాబిచ్చేది. నాలుగు నెలలు తిరిగేసరికి గుమ్మం దాటి ఆమె వంటింట్లో చేరాను. పచ్చి వాగుడుకాయనయ్యాను.

పరీక్ష రోజు మా టీచర్, బయటి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చున్నారు. ఇక్కడ నీ రోజులు ఎలా గడుస్తున్నాయి అని అడిగారు. అంతే, గిన్నె కథ ఎత్తుకున్నాను. ఆపితే ఒట్టు. కాసేపటికి వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. టీచర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు ఆ హైదరాబాద్ క్లాసు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఏం తప్పు మాట్లాడానో చెప్పి నవ్వండి అన్నాను. ఆ మాటకు ఇంకా నవ్వారు.

తప్పేమీ లేదంది టీచర్. నేను మాట్లాడేది ఉత్తరాన కొండ ఊళ్ళలో ముసలివాళ్ళ భాషట. వాళ్ళ అమ్మమ్మ అచ్చం ఇలాగే మాట్లాడేదట, ఇరవయ్యేళ్ళ పిల్ల నోట వినేసరికి ఆగలేకపోయారట. పాస్ చేసింది. ఆఫీసుల్లో మాత్రం కాస్త పుస్తకం భాష వాడమంది.

గాల్లో తేలుతూ, కొంచెం కోపంతో కూడా, నేరుగా పక్కింటికి వెళ్ళాను. పాసయ్యానని చెప్పి, ఇది ఊరి భాష అని ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశాను. ఆమె మెట్టు మీద కూలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆమె అన్నది నా చెవికి మా మెదక్ మాటలాగే వినబడింది, అందుకే అలాగే రాస్తున్నాను.

"పెండ్లయి ఈ పట్నం ఒచ్చిన నాడు నా మాటకు అందరు నవ్విండ్రు. మల్ల నా పిల్లలే, బయట మాట్లాడకే అమ్మా అన్నరు. నీకు ఏది పట్నంది, ఏది ఊరిది తెల్వది. గందుకే నీతోని కడుపునిండ మాట్లాడిన."

ఇన్ని నెలలూ ఆమె నాకు మాట నేర్పుతోందనే అనుకున్నాను. ఆమె నోరు తెరవడానికి నేనొక్కదాన్నే దొరికానని నాకేం తెలుసు? కోపం ఎటో పోయింది. పక్కనే కూర్చుని హైదరాబాద్ సంగతి చెప్పాను. అమ్మకు కూడా చెప్పని సంగతి అది. ఆమె నవ్వకుండా విన్నది.

మీ ఊళ్ళో నాలాంటి ముసలిదాన్ని ఏమని పిలుస్తారని అడిగింది. అవ్వా అంటామన్నాను. పిలువు, వింటానంది. మెల్లగా పిలిచాను. అలా కాదు, మీ ఊళ్ళో రోడ్డు మీది నుంచి కేకేస్తారన్నావు కదా, అలా పిలవాలని చెప్పి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. ఊపిరి పీల్చుకుని, గొంతెత్తి, "అవ్వా, ఏం జేస్తున్నవే?" అని కేకేశాను. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. లోపలి నుంచి పెద్దామె తన ఊరి మాటలో, వీధి వీధంతా వినబడేలా, వస్తున్నా ఆగవే అని అరిచింది.