వారం వారం వదులయ్యే స్క్రూ

కళ్ళజోడు స్క్రూ వారానికోసారి వదులవదు. ఆ సంగతి నాకు చెప్పింది కళ్ళద్దాలక్క.

"సరిగ్గా బిగిస్తే ఏడాది దాకా దాని జోలికి పోనక్కర్లేదు. మా అన్నయ్యది మాత్రం ప్రతి శనివారం వదులవుతుంది" అంటూ నా ఫ్రేమును బల్ల మీద బోర్లా పెట్టి, నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూసింది. ఆనడం లేదు. వేడిగాలి కింద కాడను రెండు క్షణాలు పట్టుకుని, బొటనవేలితో చిన్నగా ఒక నొక్కు నొక్కింది. ఈసారి ఆనింది. తర్వాత నా ముఖాన పెట్టి చూసి, మళ్ళీ తీసి, కావాలనే కాస్త వంకర చేసింది.

"అదేంటి, ఇప్పుడే కదా సరిచేశారు?"

"బల్ల కోసం సరిచేశా. ఇప్పుడు మీ కోసం. మీ ఎడమ చెవి కాస్త కిందికుంది లెండి. కంగారుపడకండి, ఈ ఊళ్ళో రెండు చెవులూ సమానంగా ఉన్నవాళ్ళెవరూ ఇంకా ఈ కొట్టుకి రాలేదు."

బస్సుల స్టాండు వెనక వీధిలో, తాళాలు బాగుచేసే కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సిన కొట్టు అది. ఇరవై రెండేళ్ళుగా అక్క అక్కడే పనిచేస్తోంది. వయసు నలభై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు, తల్లితో ఉంటుంది. ఆమె ముక్కు మధ్యలో ఒక మెట్టు దిగి, అక్కడి నుంచి ఎడమకు తిరుగుతుంది. ఆమె కళ్ళజోడు బల్ల మీద పెడితే కుంటుతుంది, ఆ ముక్కు మీద పెడితే నిటారుగా నిలబడుతుంది. తనే అలా వంచుకుంది.

అన్నయ్య ఆమె కన్నా నాలుగేళ్ళు పెద్ద. బస్సు డిపోలో బ్రేకులు చూస్తాడు. అక్కడ అందరూ ఆయన్ని బ్రేకులనే పిలుస్తారు. "బ్రేకులు ఇంకా రాలేదా?" అని ఎవరైనా అంటే కొత్తవాళ్ళు భయపడి బస్సు దిగిపోతారట. ప్రతి శనివారం పని దిగి, చేతులకు నూనె వాసన ఇంకా పోకుండానే కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు తీసి ఇస్తాడు.

"మళ్ళీ వదులైందే చెల్లాయ్."

అది ఆయనే వదులు చేసుకొస్తాడని అక్కకు తెలుసు. స్క్రూ తల మీద కొత్త గీతలుండేవి. ఎందుకలా చేస్తాడో అర్థం కావడానికి మాత్రం ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది. కళ్ళజోడు లేకపోతే ఆయనకు మూడడుగుల దూరంలో ఉన్న మనిషి ముఖం మసగ్గా కనిపిస్తుంది. చెల్లెలు స్క్రూ బిగించే ఆ పది నిమిషాలూ ఆమె ముక్కు వంకర ఆయనకు కనిపించదు. ఆ పది నిమిషాలూ ఆయన ముఖం తేలిగ్గా ఉంటుంది. అక్క కూడా ఒక్క నిమిషం చాలే పనిని పది నిమిషాలు చేసేది.

ఒక శనివారం ఆయన కళ్ళజోడుతో పాటు ఒక చీటీ కూడా బల్ల మీద పెట్టాడు.

"గురువారం పదకొండింటికి. ముక్కు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ. మా డిపో సూపర్వైజరు కూతురికి ఆవిడే చేసిందట. ఆస్పత్రి సంగతంతా నేను చూసుకుంటా. నువ్వు ఊఁ అంటే చాలు."

అక్క ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. కొట్టులో ఇంకెవరో ఉన్నారు. స్క్రూ బిగించి ఇచ్చేసింది. ఆ రోజు మాత్రం నిమిషంలో బిగించేసింది.

ఇక ఆ గురువారం దాకా ఎవరి నోట విన్నా అదే మాట. వాళ్ళమ్మ చేతిలో ఏ పనుంటే ఆ పనిని ఠపీమని కింద పెట్టి, "ఈ వయసులో ముక్కుతో ఏం పనే నీకు? పడుకోబెట్టి కోస్తారట, తెలుసా?" అంది. అరగంట తర్వాత తనే దగ్గరకొచ్చి, "చిన్నప్పుడు ఎంత చక్కటి ముక్కే నీది, కోటేరులా ఉండేది" అని కళ్ళు తుడుచుకుంది. కొట్టు యజమాని పెద్దాయన, "చేయించుకోమ్మా, చేయించుకుంటే ఫ్రేములు నీ మీదే పెట్టి ఫొటోలు తీయిస్తా" అన్నాడు. వదిన ఊరుకునే రకం కాదు. నేరుగా కొట్టుకొచ్చి స్టూలు లాక్కుంది.

"వదినా, నీకు కావాలా, ఆయనకు కావాలా? అది చెప్పు ముందు."

"తెలీదు వదినా."

"నలభై ఏళ్ళొచ్చాయి, నీ ముక్కు సంగతి నీకు తెలీకపోతే పక్కింటావిణ్ణి అడగాలా? ఆయనకి నిద్దర్లేదు. శనివారం నుంచి డిపోలోంచి ఏవో తీగలు తెచ్చుకుని గదిలో కూర్చుంటున్నాడు. ఏంటయ్యా అంటే చెప్పడు. నీ ముక్కు నీ ఇష్టం. మా ఇంట్లో మనిషిని మాత్రం ఇలా వేలాడదీయకు."

అక్క అనాల్సిన మాట ఒకటుంది. ముప్పై ఏళ్ళుగా గొంతులోనే ఉంది. గురువారం డాక్టరమ్మకు ఊఁ అని, ఆపరేషన్ బల్ల ఎక్కితే ఇక దాన్ని జన్మలో చెప్పలేదు. చెప్పాలంటే ఈలోపే చెప్పాలి. చెబితే అన్నయ్య మిగులుతాడో లేదో తెలియదు.

ఆ మాట ఇది. ఆమెకు పదకొండేళ్ళప్పుడు, నీళ్ళ ట్యాంకు దగ్గరి ఏటవాలు రోడ్డు మీద, అన్నయ్య సైకిలు వెనక క్యారియరు మీద నిలబడి, ఆయన భుజాలు పట్టుకుని దిగుతోంది. చేతులు వదలొద్దని ఆయన రెండుసార్లు చెప్పాడు. ప్రహరీ మీద కూర్చుని బడి పిల్లలు చూస్తున్నారు. వాళ్ళకు చూపించడానికి ఆమె రెండు చేతులూ బార్లా చాపి కళ్ళు మూసుకుంది. మలుపు దగ్గర ఆయన రోజూ వేసినట్టే బ్రేకు వేశాడు. ఆమె ముఖం వెళ్ళి గోడ అంచుకు కొట్టుకుంది. ఇంటికొచ్చాక ఆయన చెప్పిందొకటే మాట: "నేనే గట్టిగా బ్రేకేశా." అమ్మ చేతిలో దెబ్బలు తిన్నాడు. ముఖం నిండా కట్టుతో మంచం మీద పడుకుని అక్క ఆ దెబ్బల చప్పుడు వింది.

"మొదటిరోజు భయం" అంది అక్క నాతో. "రెండోరోజు బద్ధకం. ఆ తర్వాత హాయి. ఏమడిగినా కాదనేవాడు కాదు. కిటికీ పక్క మంచం నాదైపోయింది. సంబంధాలొస్తే నాకే నచ్చేవి కావు. 'నా ముక్కు చూసి వాళ్ళే వద్దన్నారు' అనేదాన్ని. అన్నయ్య లేచి బయటికెళ్ళిపోయేవాడు, ఇక ఆ ఊసెత్తేవాళ్ళు కాదు. ఇంతకన్నా పనికొచ్చే ముక్కు ఇంకెవరికుంది చెప్పండి?"

నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

గురువారం వచ్చింది. ఆస్పత్రి మూడో అంతస్తులో, తెల్లటి గదిలో, డాక్టరమ్మ ఎదురుగా ఇద్దరూ కూర్చున్నారు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, ఒళ్ళో ఒక గుడ్డ సంచి ఉంది. ముందుగా డాక్టరమ్మ అక్క చేత కళ్ళజోడు తీయించింది. అక్క అద్దాలు మందంగా ఉంటాయి. అవి తీస్తే ఆమెకు గదిలో కిటికీ ఒక వెలుగు ముద్ద, అన్నయ్య ఒక నీలం చొక్కా.

"ఎలా జరిగింది?"

"నా వల్లే డాక్టరుగారూ" అంది నీలం చొక్కా. "సైకిలు. గట్టిగా బ్రేకేశా."

డాక్టరమ్మ ముక్కును అటూ ఇటూ నొక్కి చూసింది. ఊపిరికి ఇబ్బంది లేదంది. కాబట్టి ఇది అందం కోసమే, తప్పనిసరి కాదంది. తర్వాత ఒక సంగతి చెప్పింది. "ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు ముక్కు మీద బరువు పడకూడదు. కళ్ళజోడు పెట్టకూడదు. మీ పవరు చూస్తే... కళ్ళలో పెట్టుకునే లెన్సులు పడతాయా?"

"పడవండి. కళ్ళు ఎర్రబడిపోతాయి" అంది అక్క. కళ్ళజోడు లేకుండా ఆరు వారాలంటే ఆమె మెట్లు కూడా దిగలేదు. ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వంక దొరికింది. కారణం చెప్పకుండానే లేచి వెళ్ళిపోవచ్చు.

"ఆ సంగతి సూపర్వైజరు ముందే చెప్పాడు. దానికి నేనో ఉపాయం ఆలోచించా" అన్నాడు అన్నయ్య.

సంచిలోంచి తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. ఆమె వేళ్ళతో తడిమి చూసింది. హెల్మెట్ లోపలుండే మెత్తటి పట్టీ. దానికి రెండు తీగలు, వాటి చివర ఒక పాత ఫ్రేము. నుదుటికి కట్టుకుంటే కళ్ళజోడు ముక్కును తాకకుండా కళ్ళ ముందు వేలాడుతుంది. తీగ కొనలు ఎక్కడా గుచ్చుకోకుండా గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. ఎన్నిసార్లు అరగదీశాడో వేలికి తెలుస్తోంది.

"కట్టుకుని చూడు. ముక్కుకు తగలదు. నేను నా తలకు కట్టుకుని మూడు రోజులు తిరిగా. మీ వదిన కళ్ళెం వేసిన గుర్రమన్నది."

డాక్టరమ్మ నవ్వింది. అక్క మాత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని అన్నయ్య వైపు తిరిగింది. ఆ నీలం చొక్కా మీద ముఖం లేదు. ముఖం కనిపించి ఉంటే ఆ మాట బయటికొచ్చేది కాదని ఆమె నాతో ఒట్టేసి చెప్పింది.

"నువ్వు గట్టిగా వెయ్యలేదు అన్నయ్యా. రోజూ వేసినట్టే వేశావు. నేనే చేతులు వదిలేశా."

నీలం చొక్కా కుర్చీలో ముందుకు జరిగింది.

"గోడ మీద పిల్లలు చూస్తున్నారని రెండు చేతులూ వదిలేసి కళ్ళు మూసుకున్నా. నీకు తెలీదు. నువ్వు ముందుకు చూస్తున్నావు."

డాక్టరమ్మ కాగితాలు మూసి, మెల్లగా, "ఆపరేషన్ మీ ఇద్దరిలో ఎవరికో తేల్చుకుని రండి" అంది.

మెట్ల మీద, రెండో అంతస్తు దగ్గర ఆయన ఆగాడు. అప్పటికి అక్క కళ్ళజోడు పెట్టుకుంది. ఆయన ముఖం ఇప్పుడు స్పష్టంగా కనిపించింది. అందులో కోపం లేదు, ఏమీ లేదు. ఆమెను భయపెట్టింది అదే.

"నేను సైకిలెక్కి ముప్పై ఏళ్ళయింది" అన్నాడు. అంతే. దిగి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం రాలేదు. తర్వాతి శనివారం కూడా రాలేదు. ఆరున్నరకి, అన్నయ్య వచ్చే వేళకి, తాళాల కొట్టాయన షట్టరు దించే చప్పుడు వినగానే అక్క తలెత్తి గుమ్మం వైపు చూసేది. మధ్యలో ఒకరోజు వదిన వచ్చింది. ఈసారి స్టూలు లాక్కోలేదు, నిలబడే మాట్లాడింది.

"మా పిల్లకి పదహారేళ్ళు. బడికి ఇంకా నడిచే పోతుంది. సైకిలడిగితే తండ్రి కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఎందుకో మాకు తెలుసు, అందుకే అడగడం మానేశాం. ఇప్పుడేమో అసలు ఆయన తప్పే లేదంటున్నావు. నీకేం వదినా, చెప్పేసి తేలికయ్యావు."

"తేలికవలేదు వదినా."

"అవకు. కొన్నాళ్ళు అలాగే ఉండు" అని వెళ్ళిపోయింది. వెళ్తూ ఒక డబ్బా బల్ల మీద పెట్టింది. తీరా చూస్తే అందులో అన్నం. కోపంగా ఉన్నా తెచ్చింది.

అక్క రోజూ అద్దంలో ముక్కు చూసుకోవడం మొదలుపెట్టింది. "ఇదివరకు దాన్ని చూస్తే అన్నయ్య కనిపించేవాడు, అమ్మ కొట్టిన దెబ్బలు వినిపించేవి. ఇప్పుడు ఉత్త ముక్కే కనిపిస్తోంది. దాని మీద నాకు కోపం లేదు, ముద్దూ లేదు. అందరి ముఖాలకీ ఫ్రేములు వంచా, అది తప్పని ఎవరూ అనలేదు. ఇది నిటారుగా ఉంటే నాకు బాగుంటుంది. అంతే. అంతకుమించి కారణం వెతికితే దొరకలేదు." ఆస్పత్రికి తనే ఫోన్ చేసింది.

ఐదో శనివారం ఆయన వచ్చాడు. కుంటుతూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీయలేదు. అక్క చెయ్యి చాపింది.

"స్క్రూ?"

"గట్టిగానే ఉంది."

కళ్ళజోడుతోనే ఆమె ముక్కు వైపు చూశాడు. పక్కకు చూడలేదు. ఎదురుగా చూసి, చాలాసేపు చూసి, "బాగా వంకరే" అన్నాడు.

"బాగానే" అంది అక్క. "ఆ కాలికేమైంది?"

"పిల్లకి సైకిలు నేర్పుతున్నా. వెనక పట్టుకుని పరిగెత్తాలి కదా. మోకాళ్ళు పోయాయి."

"నాలుగు శనివారాలూ అందుకేనా రాలేదు?"

"మొదటి రెండూ కోపం" అన్నాడు. "తర్వాతి రెండూ సైకిలు." మోకాలు రాసుకుంటూ, "కోపం పూర్తిగా పోలేదే చెల్లాయ్" అన్నాడు.

"పోవద్దులే. వచ్చే నెల పద్నాలుగున ఆపరేషన్. నేనే రాయించుకున్నా. నీ కోసం కాదు."

ఆయన తలూపాడు. ఊపిన తల కాసేపు కిందికే ఉండిపోయింది. అక్క సొరుగు లాగి, హెల్మెట్ పట్టీతో చేసిన ఆ వస్తువును తీసి బల్ల మీద పెట్టింది. అలవాటు కొద్దీ బోర్లా పెట్టి మూలలు చూసింది.

"ఇది కట్టుకుని చూశా. నా నుదురు నీదంత వెడల్పు కాదు, కుడివైపు జారుతోంది. సరిచేసి తీసుకురా."

ఆయన దాన్ని అందుకుని తీగను వేలితో రాసి చూసుకున్నాడు.

"వచ్చే శనివారానికి తెస్తా" అన్నాడు.